మేస్త్రి కాలి మీద పొర

ల్యాబులో పొరలు చేసే అమ్మాయికి,
రంగుల మేస్త్రి సొంత చేత్తో రాసుకున్న ఉత్తరం. రేకు గీసుకున్న నా కాలికి నువ్వు అంటించిన పొర చూశాను. నలభై ఏళ్ళు రంగు డబ్బాల మీద కట్టిన ఇలాంటి తెట్టు తీసి అవతల పారేశా. దాన్ని తెచ్చి నా కాలికే పెడతావా? పుండు ఎలా ఉందో వారంలో రాయమన్నావు, రాశా. పుండు మానలేదు.
ఇట్లు, మేస్త్రి
తా.క. నాది మూడో అంతస్తు. పోస్టుమాన్ ఇంతవరకు ఈ మెట్లెక్కలేదు.

మేస్త్రి గారికి నమస్కారం.
అది తెట్టు కాదండీ. సీసాలో కింద నీళ్ళు, పైన నూనెలాంటి ద్రవం. రెంటిలోనూ చెరో మందు. ఆ రెండూ కలవవు. ఆనుకున్న చోట మాత్రం రెండు మందుల రేణువులూ చేతులు పట్టుకుని గొలుసు కడతాయి. అదే పొర. మీకెందుకు పనిచెయ్యలేదో! ఇంకోటి పంపుతున్నా. పుండు మానేదాకా ప్రతి వారం రాస్తాను.
పొరల అమ్మాయి

పొరలమ్మాయికి,
పోస్టుమాన్ ఎక్కాడు. ఆయాసపడుతుంటే మంచినీళ్ళిచ్చా. కూర్చోమన్నా, కూర్చోలేదు. కొత్త పొరా దండగే. పుండు ఇంకా పెరిగింది. ఆ గొలుసు సంగతి మళ్ళీ రాయి, పొడుగ్గా.
మేస్త్రి
తా.క. కాలికేమైందని పక్కగదివాడు కూడా అడగలేదు.

మేస్త్రి గారికి,
పొడుగ్గా రాసే ఓపిక లేదండీ. ఈ పొర వేసి చూసిన ఆరుగురిలో ఐదుగురికి మానింది. మీకు పెరిగిందని తెలిసి మా పెద్దసారు శుక్రవారం నుంచి పొరల పని ఆపేయమన్నారు. మూడేళ్ళ కష్టం. అన్నం సయించడం లేదు. గురువారం డాక్టరుగారిని వెంటబెట్టుకుని వస్తున్నా. కాలు తీసెయ్యాల్సి వస్తుందేమోనని భయంగా ఉంది.
పొరల అమ్మాయి

అమ్మాయీ,
డాక్టరుని కత్తులు కడిగి లోపల పెట్టమను. ఆ కాలు మొదటి పొరకే మానింది. మచ్చ వెతుక్కోవాలి. ఒక్క పూత వేసి రెండని చెప్పినవాణ్ణి కాను నేను. ఇదొక్కటే అబద్ధం. మానిందని రాస్తే నువ్వు రాయడం మానేస్తావు. అంతే సంగతి.
ఈ కాగితం మీ సారు బల్ల మీద పెట్టు. నలభై ఏళ్ళు రంగులేసిన పనివాడు చెప్పాడను: పొరలో ముడత లేదు, బుడగ లేదు, అంచు లేవలేదు. క్షమించమని అడగను, అలవాటు లేదు. నువ్వు అన్నం తిను.
జవాబు అక్కర్లేదు.
మేస్త్రి
తా.క. డాక్టరుని వద్దన్నా. నిన్ను వద్దనలేదు. కుర్చీ ఒకటే ఉంది. నేను నిచ్చెన మీద కూర్చుంటా.