ఎదురొచ్చిన వైకుంఠం

లాల్‌దర్వాజ,
సోమవారం

మ్యావ్ మహల్ క్యాట్ కెఫే నిర్వాహకురాలు శ్రీమతి హరిప్రియగారి సముఖానికి,

విషయం: మీ పిల్లి వల్ల మా నిష్క్రమణకు కలిగిన ఆటంకం.

అమ్మా,

రెవెన్యూ శాఖ రికార్డుల విభాగంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నేను, వేసవి సెలవులకు వచ్చిన మనవడు సంకేత్‌ను, మనవరాలు మాన్యను నిన్న సాయంకాలం సంతోష్‌నగర్‌లోని మీ కెఫేకు, పిల్లులతో ఆడుకొనే నిమిత్తం, తీసుకొని వచ్చాను. మా గల్లీలో పిల్లులు అడగకుండానే దర్శనమిస్తాయి. అయినా పిల్లల కోరిక కాదనలేకపోయాను.

బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చొని, మంచినీళ్లు తాగి మరల బయలుదేరాలన్నది తరతరాలుగా ఆలయ సేవలో ఉన్న మా ఇంటి ఆచారం. మీ సంస్థలో దీని అమలు దుర్లభమని రెండో గ్లాసు నీళ్ల తర్వాత నాకు బోధపడింది. మేము లేచినప్పుడల్లా చెవి చిరిగిన గోధుమరంగు ముసలి పిల్లి ఒకటి గుమ్మానికి అడ్డంగా నడిచింది. సంకేత్ “తాతా, ఇగ పోదాం పా, మస్తు ఆకలైతుంది” అని మొరపెట్టుకున్నాడు. మాన్య మాత్రం “పిల్లి అడ్డమొచ్చింది తాతా, కూసో. మళ్ల ఏమన్న అయితది” అని నన్ను హెచ్చరిస్తూ వచ్చింది. ఆరేళ్ల పిల్లకు గల ఆచారనిష్ఠకు నేను గర్వించాను.

తుదకు మీ సిబ్బంది దీపాలు ఆర్పగా, చీకటిలో పిల్లి కనబడనందున, మేము బయటపడగలిగాము. ఇకమీదట సందర్శకులు వెళ్లే వేళ సదరు పిల్లిని లోపలి గదిలో నిలిపి ఉంచవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ విశ్వాసపాత్రుడు,
వామన్‌రావు

తా.క.: నీళ్లు బాగున్నాయి.

*

సంతోష్‌నగర్,
బుధవారం

పెద్దలు వామన్‌రావుగారికి హరిప్రియ నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం మా సిబ్బంది అందరికీ చదివి వినిపించాను. వారిలో కీర్తిప్రియ కళ్లు తుడుచుకుంది. పెద్దవారు పిల్లి మీద ప్రేమను నేరుగా ఒప్పుకోరని మాకు అనుభవమే. కిందటేడు ఒకాయన ఎలుకల బెడద అంటూ మా పిల్లినొకదాన్ని తీసుకెళ్లి, దానికి ఊయల కట్టారు. మీరు ఆచారం అన్నారు. మాకు అర్థమైంది.

మీకు ఎదురైనవారు వైకుంఠంగారు. మా పిల్లుల్లో అందరికన్నా పెద్దవారు. మా గోదావరి జిల్లా అలవాటుకొద్దీ ఆయన్ను ‘గారు’ అనకుండా పిలవలేను. ఈ నెలాఖరుకు మా కెఫే నగరం అవతలి కొసకు మారుతోంది. కుర్ర పిల్లులు మాతో వస్తాయి. ముసలివారిని పెంచుకునేవారు లేక, ఆయన్ను ఊరి బయటి ఆశ్రయానికి పంపవలసి వస్తోంది. ఇలాంటి సమయంలో ఆయన తనంతట తాను మీ దగ్గరికి పదేపదే వచ్చారు. పిల్లి ఎవరిని ఎంచుకుంటే వారికే ఇవ్వాలన్నది మా నియమం. కనుక మీ దరఖాస్తును ఆమోదించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇల్లు చూడడానికి మా సిబ్బంది నగేష్, కీర్తిప్రియ వస్తారు.

ఉంటానండి,
హరిప్రియ

తా.క.: మీరు అసలు దరఖాస్తే పెట్టలేదని నగేష్ అంటున్నాడు. అది చిన్న లోపం. సవరించుకుందాం.

*

లాల్‌దర్వాజ,
శుక్రవారం

శ్రీమతి హరిప్రియగారికి,

విషయం: పెట్టని దరఖాస్తును ఆమోదించడంపై తీవ్ర అభ్యంతరం.

అమ్మా,

నా సర్వీసులో పెట్టిన దరఖాస్తు ఆమోదం పొందడమే అరుదుగా చూశాను. పెట్టనిది ఆమోదం పొందడం ఇదే ప్రథమం.

నిన్న నేను పూజాసామగ్రికై బేగంబజార్ వెళ్లిన సమయంలో మీ ప్రతినిధులిద్దరు ఆపిల్ పండ్లతో మా ఇంటికి వచ్చి, “వైకుంఠంగారి తరఫున ఇల్లు చూసి పోదామని వచ్చాం” అన్నారట. మా చిన్నమ్మాయి అలేఖ్యకు సంబంధాలు చూస్తున్న రోజులివి. మంచిరోజున, పండ్లు పట్టుకొని, ఇల్లు చూడడానికి వచ్చినవారిని నా భార్య రంగనాయకి ఏమనుకుంటుంది? చాపలు పరిచింది. చాయ్ పెట్టింది. అబ్బాయి గుణగణాలు అడిగింది.

వయసు కొంచెం పైబడిందని, ఒక చెవి సగమే ఉందని, ఆపరేషన్ అయింది కనుక పిల్లలు పుట్టరని, ఇల్లరికానికి సిద్ధమని, పగలంతా నిద్రపోతారని మీ వాళ్లు దాపరికం లేకుండా చెప్పారు.

“చెవి లేకుంటె మానె, పిల్లలు కాకుంటె మానె. పగలంత పండుకునుడు ఏంది? నౌకరి లేదా?” అని మా ఆవిడ నిలదీసిందట.

“మా దగ్గరే పనండీ. వచ్చినోళ్ల ఒళ్లో కూర్చుంటారు,” అన్నాడట మీ నగేష్.

తరువాత జరిగిన లొల్లి వివరించను. ఇంట్లో పాలు, పెరుగు, నైవేద్యం ఉంటాయి కనుక పిల్లి గడప దాటరాదని రంగనాయకి తీర్మానించింది. కానీ ఆ పిల్లిని ఎటో పంపేస్తారన్న మాట మీ నగేష్ మాన్య వినేటట్టు అన్నాడు. నిన్నటి నుంచి ఆ పిల్ల సరిగా అన్నం ముట్టలేదు. దీనికి బాధ్యులెవరో తెలుపగలరు.

ఇట్లు,
వామన్‌రావు

తా.క.: అలేఖ్య తన అభిప్రాయాన్ని తెలియజేయమన్నది: “అమ్మా, ఒప్పుకో. ఇప్పటిదాంక వచ్చిన సంబంధాలల్ల గిదే నయముంది.”

*

సంతోష్‌నగర్,
శనివారం

పెద్దలు వామన్‌రావుగారికి,

మన్నించండి. రంగనాయకిగారి కాళ్లకు దండం పెట్టానని చెప్పండి. ఆమోదం రద్దు చేశాను. వైకుంఠంగారి కోసం వ్యాను రేపే వస్తుంది. ఇక మీకు ఇబ్బంది ఉండదు.

మీ ఇంటికి అరిష్టమన్న బెంగ మిగలకూడదని మా కెమెరా దృశ్యాలు చూశాను. వైకుంఠంగారు అన్నం గిన్నె కోసం కూడా తొందరగా లేవరు. ఆయన్ను లేపగలిగేది రిబ్బను ఒక్కటే. మీరు లేచినప్పుడల్లా మాన్య తన జడకున్న ఎర్ర రిబ్బను విప్పి, గుమ్మం ముందు నేల మీద లాగింది. ఆయన వెనకే నడిచారు. మీరు వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఆ అమ్మాయి మళ్లీ ఆయన్ను ఒళ్లో పెట్టుకుంది. కాబట్టి అది శకునం కాదు. వెళ్లాలని లేక ఒక పిల్ల చేసిన పని.

కోప్పడకండి.

హరిప్రియ

తా.క.: చివరిసారి మాన్య సోఫాలో నిద్రపోతోంది. అప్పుడు పిల్లి ముందు ఊగింది రిబ్బను కాదు, మీ కండువా అంచు. గాలికి ఊగిందేమో. మా గది కిటికీలు తెరుచుకోవు.

*

లాల్‌దర్వాజ,
మరుసటి శనివారం

శ్రీమతి హరిప్రియగారికి,

విషయం: శ్రీ వైకుంఠంగారి స్థితిగతుల నివేదిక.

అమ్మా,

మీ వ్యాను కన్నా ముందు నేను, పిల్లలు వచ్చి వైకుంఠంగారిని తీసుకొని వెళ్లినప్పుడు, మా ఇంట్లో ఎలా ఒప్పుకున్నారని మీరు అడిగారు. పిల్లలు తొందరపెట్టినందున చెప్పలేకపోయాను. ఇప్పుడు వివరిస్తాను.

కండువా విషయం విచారణలో ఉన్నందున వ్యాఖ్యానించలేను.

మీ ఉత్తరం అందిన రాత్రి నేను రంగనాయకిని ఆచారానికి సంబంధించిన సందేహం ఒకటి అడిగాను: ఎవరిదో పిల్లి ఎదురైతే దోషం, సరే, ఇంటి పిల్లి ఎదురైతే? ఆమె ఆలోచించకుండా “ఇంటి పిల్లికి దోషమేంది? ఇంట్ల మనుషులు ఎదురొస్తలేరా?” అన్నది. అలాగైతే వైకుంఠం ఇంటి పిల్లి అయిన క్షణంలో మాకు కలిగిన దోషమంతా రద్దవుతుందని, ఇంతకన్నా పరిహారం లేదని మనవి చేశాను. ఆమె “పిల్లకు అన్నం తినిపిస్తందుకు గింత కత పడాల్నా? తెచ్చుకోండ్రి. వంటింట్ల అడుగు పెడితె మాత్రం మీరిద్దరు బయటనే,” అన్నది. మాన్య ఆ పూట రెండుసార్లు వడ్డించుకున్నది.

నిన్న గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు వచ్చాయి. రంగనాయకి బుట్ట పట్టుకొని గుడికి బయలుదేరగా వైకుంఠంగారు అడ్డంగా నడిచారు. ఆమె వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చొని, కాళ్లు చాపి, నీళ్లు తెమ్మన్నది.

“ఇంటి పిల్లికి దోషం లేదంటివి కదా?” అన్నాను.

“దోషం లేకుంటె లేకపాయె. మోకాళ్లున్నయి గద,” అన్నది. “పెండ్లై వచ్చినకాడికెల్లి ఈ ఇంట్ల నన్ను జరసేపు కూసోమన్నది పిల్లి తప్ప ఎవలు?”

నేను వెళ్లి నీళ్లు తెచ్చాను.

ఇట్లు,
వామన్‌రావు

తా.క.: ఇవాళ ఉదయం నుంచి ఆమె పూలబుట్టకు ఎర్ర రిబ్బను ముక్క ఒకటి వేలాడుతున్నది. ఎవరు కట్టారో నేను విచారించడం లేదు.