తొట్టెలోని మొదటి చేప

విజయవాడ, హాస్టల్
ఆదివారం మధ్యాహ్నం

హేమసుందర్ అన్నయ్యా,

ఇక్కడ ఫోన్లు ఇవ్వరు కాబట్టి బతికిపోయావు. అందుకే ఈ ఉత్తరం అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను.

కాలేజీలో చేరేముందు మన వీడియో గేమ్ మొత్తం నీకే అప్పగించాను. ఆ వేరే గ్రహం సముద్రంలో నేను కట్టిన ఇల్లు, పడవ అన్నీ వాడుకోమన్నాను. గాజు తొట్టెలో ఉన్న ఆ పెద్ద కళ్ళ చిన్న చేపని మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఆ నీళ్ళలో నాకు దొరికిన మొదటి చేప అది. కొత్త వలలో పడ్డ మొదటి చేప గంగమ్మదని నాన్న కొల్లేట్లోకి వదిలేస్తాడు కదా. ఆటలో అలా వదిలితే పెద్ద జంతువులు మింగేస్తాయని తొట్టెలో దాచాను. ముట్టనని గంగమ్మ మీద ఒట్టేశావు.

ఇవాళ అమ్మ నవ్వుతూ, "అన్నయ్య నీ చేపని వండుకు తినేశాడంటమ్మా. అలాంటిదే ఇంకోటి పట్టి పెట్టాడంట. నీకు చెప్పొద్దన్నాడు" అంది.

ఆకలికి తిన్నానని చెప్పుంటే ఊరుకునేదాన్ని. ఆ ఆటలో తినకపోతే చచ్చిపోతామని నాకూ తెలుసు. చెల్లికి తేడా ఏం తెలుస్తుందిలే అనుకుని ఇంకోదాన్ని పెట్టావు చూడు, అదీ నా బాధ. ముప్పై ఏళ్ళుగా చేపలమ్ముతున్న నాన్న, ఐసులో పెట్టిన చేపని ఇవాళ్టిదని ఎవరికీ అంటగట్టలేదు. నువ్వు మొదటిసారే సొంత చెల్లెలికి అంటగట్టావు.

వచ్చే ఆదివారం చేపల పులుసు తీసుకుని నువ్వొస్తానన్నావట. పులుసు అమ్మతో పంపు. నువ్వు రావద్దు.

చెల్లి