సున్నం పెట్టమన్నది నేనే

కూర్మన్నపాలెం,
శుక్రవారం.

చెల్లాయి పద్మకి అన్నయ్య దీవించి రాస్తున్న సంగతులు.

నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న మందులు వేళకి వేసుకుంటున్నారా? ఇక్కడ ఒకటే ఉక్కపోత. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతూనే ఉన్నారు, వెల్డింగ్ పని చేతినిండా ఉంది. మెస్సులో కూరలు చప్పగా ఉంటాయి, ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త గోంగూర పచ్చడి పంపించు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఇదంతా తర్వాత. ముందు నీ చెయ్యి మొహం మీంచి తీసెయ్!

మొటిమని పిన్నీసుతో గుచ్చి, నొక్కి, పైన సున్నం పెడితే మాడిపోతుందని పోయినసారి వచ్చినప్పుడు నీకు నేర్పింది నేనే కదా. అమ్మ వద్దంటే "నీకేం తెలుసు" అని కసిరాను కూడా. "నువ్వు చెప్పినట్టే రోజూ చేస్తున్నా అన్నయ్యా" అని సోమవారం నీ ఉత్తరం వచ్చింది. బుధవారానికి నా దవడ మీద మొటిమ నిమ్మకాయంత వాచింది. నా గదిలో ఉండే అప్పారావు చూసి, "అదేటి బావా, మొకం అలగైపోనాది! పద, డాట్రమ్మకి సూపిద్దాం" అని సీతమ్మధారలో ఆస్పత్రికి లాక్కెళ్ళాడు.

నేను చేసే వైద్యం చెప్పగానే అక్కడి కంపౌండరు, "సున్నమెట్టినావా? గోడనుకున్నావేటి బాబూ?" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు.

"మొటిమ దానంతట అదే పోయేది. నువ్వు నొక్కితే చీము లోపలికి పోయి కింద కండని తినేసింది. పైన చర్మం కుంగిపోయింది. నల్లమచ్చలైతే ఏడాదికో రెండేళ్ళకో పోతాయి. ఈ గుంటలు ఉండిపోతాయి. వయసు వచ్చి బుగ్గలు జారాక ఇంకా లోతుగా కనిపిస్తాయి" అంది.

ఇన్నేళ్ళూ నా బుగ్గల మీది ఈ గుంటలు మొటిమలు పెట్టినవే అనుకున్నాను. నా మొహం పోతే పోయింది, మగాణ్ణి, హెల్మెట్ కింద ఎవడు చూస్తాడు? నీది అమ్మ పోలిక, వెన్నముద్దలాంటి మొహం. అప్పట్నుంచీ అన్నం సహించడం లేదు పద్మా. ఇక వట్టి నీళ్ళతో కడుక్కో, అంతే. ఇంకేమీ రాయకు, ముట్టుకోకు.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు. నన్ను దీవించమని చెప్పు. అమ్మ మాటే నిజమని కూడా చెప్పు.

ఈ ఉత్తరం చదివాక అమ్మని కళ్ళు మూసుకుని నీ బుగ్గల మీద వేలు నడపమను. నున్నగా తగిలితే అవి ఉత్త మచ్చలే, పోతాయని డాక్టరమ్మ చెప్పింది. వేలు ఎక్కడైనా కిందికి దిగితే, అది నేను పెట్టిన గుంట. దాచకుండా రాయి తల్లీ.

నీ అన్నయ్య,
సత్యం