ఊపిరి బిగబట్టండి

ఆదివారం రాత్రి

తోడికోడలు రాధిక బెంగళూరు నుంచి వచ్చింది మొదలు ఉయ్యూరులో మా ఇంట్లో ఆమె మాటే. అత్తయ్య పక్కింటివాళ్లను పిలిచి మరీ చెప్పింది. "మా చిన్నకోడలు తయారుచేసిన పరికరం పైన భూమి చుట్టూ తిరుగుతోందండీ. నక్షత్రాలకి ఎక్స్‌రేలు తీస్తుంది."

"తీయడం కాదత్తయ్యా, వాటి నుంచి వచ్చేవే పట్టుకుంటుంది. ఇక్కడికి రానీకుండా గాలి అడ్డం కదా, అందుకే టెలిస్కోపును అంత పైకి పంపాం" అంది రాధిక.

"మా పెద్దకోడలూ ఎక్స్‌రేలే తీస్తుంది లెండి, విజయవాడలో ఆస్పత్రిలో" అంది అత్తయ్య నన్ను చూపిస్తూ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాఫీ గ్లాసులు మాత్రం నేనే కడిగాను.

ఆ టెలిస్కోపుకి గంటసేపు కాచుకుంటే ఒక్కోసారి నాలుగు కిరణాలు కూడా దొరకవట. దానికెంత గౌరవం! పదిహేనేళ్లుగా రోజూ ఎంతమందికి "ఊపిరి బిగబట్టండి" అని చెబుతున్నానో ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం రాధిక పెరట్లోకి వచ్చి, చున్నీ చాటు నుంచి ఒక కవరు తీసి నా చేతికిచ్చింది.

"అక్కా, నెల్లాళ్లుగా దగ్గు తగ్గట్లేదు. ఎక్స్‌రే తీయించా గానీ డాక్టరుకి చూపించడానికి భయమేసి ఇలా తెచ్చేశా. నువ్వు చూసి చెప్పవూ?"

ఫిల్మును వెలుతురుకి పట్టుకున్నాను. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. చూడగానే తెలిసిపోయింది. రాధిక ఊపిరి బిగబట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది.

ఆస్పత్రిలోనైతే క్షణాల్లో "ఇక వదలండి" అనేస్తాను. ఇవాళ ఏమీ అనకుండా, ఫిల్మును తిప్పి మళ్లీ మొదటి నుంచి చూశాను.