ఒకటో గడిలో ఎర్ర చుక్క

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ అక్కడ అలాగే ఉన్నావనుకుంటాను. క్షేమం అన్న మాట రాయబోయి ఆగిపోయాను. ఎందుకో చివర్లో చెబుతాను. నీకసలే తొందరెక్కువ, ముందే కాగితం అడుగుకు వెళ్లి చదవకు.

నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న దగ్గు తగ్గింది, మొండితనం తగ్గలేదు. మాత్ర బుగ్గన దాచుకుని, నేనిటు తిరగ్గానే కిటికీలోంచి ఉమ్మేస్తాడు. నా చేతుల పగుళ్లు అలాగే ఉన్నాయి. నువ్వు పంపిన రబ్బరు తొడుగుల్లో నా చేతులు రెండేసి పడతాయి, అక్కను ఏనుగనుకున్నావా? శీతల గిడ్డంగిలో రోజుకు పది గంటలు చేపల పెట్టెలు మోస్తున్నానని రాశావు. నీ బుట్టలో చేప ఇంటికొచ్చాక కూడా ఎగిరెగిరి పడేది. ఇప్పుడు రాళ్లలా గడ్డకట్టినవి మోస్తున్నావు.

చెరువు ఎలా ఉందని అడిగావు. రేవు నుంచి అవతలి ఒడ్డు దాకా ఆ పరాయి కలుపు, తోకనాచు, అల్లుకుపోయింది. తెడ్డు వేస్తే తిరిగి రావడం లేదు. కలువలు పోయాయి. చేపలు గుడ్లు పెట్టే నీటిగడ్డి ఈ ఏడు తూము దగ్గర ఒక్క పాయ దొరికింది, అంతే. రేవులో పదిహేడు పడవలుండేవి కదా, రెండు మిగిలాయి. ఒకదాంట్లో కుక్క ఈనింది.

నీ అర్జీ సంగతి. చేపల లైసెన్సు తిరిగి ఇవ్వరట. ‘నాచు ఎగువ చెరువు నుంచి చేపల పడవ వెంట వచ్చింది’ అని ఫైల్లో ఉన్నంతకాలం ఇవ్వరట. ఆ వాక్యం నాదే, నా సర్వే రిపోర్టులోది. ఎగువ చెరువులో రెండు రోజులు వల వేశానని నువ్వే ఒప్పుకున్నావు, రేవులో నాచు మొదట కనిపించింది నీ పడవ పక్కనే. ఉన్నది ఉన్నట్టు రాశాననుకున్నాను. తమ్ముడని కూడా చూడలేదని ఆఫీసులో మెచ్చుకున్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ వారమే రేవులోవాళ్లు నీ పడవను గొడ్డలితో నరికారు, నువ్వు ఊరు విడిచావు.

పోయిన నెల మా అధికారి అయిదేళ్ల సర్వేలన్నీ ఒకే మ్యాపు మీదికి ఎక్కించమన్నాడు. నా పని నీకు తెలిసిందే. చెరువును గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో తాడుకు కట్టిన ఇనుప పళ్ల గొర్రు విసిరి లాగడం, పైకొచ్చినవాటిలో స్థానిక మొక్కకు పచ్చ చుక్క, పరాయి మొక్కకు ఎర్ర చుక్క పెట్టడం. ఈసారి ప్రతి చుక్క పక్కనా అది మొదట దొరికిన తేదీ కూడా వేయాలి. దొరికిన మొక్కల తునకలు అంటించిన పాత అట్టలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒక అట్ట మీద, అప్పట్లో ఏ మొక్కో తేల్చలేక అంటించి పక్కన పెట్టిన తునక ఉంది. భూతద్దం కింద చూస్తే తోకనాచే. రేవులో కనిపించడానికి నాలుగు నెలల ముందుది. దొరికింది మన చెరువు ఒకటో గడిలో, ఆ రాళ్ల మూల. అక్కడ ఎవరూ వల వేయరు. నేను మొదటి గొర్రు విసిరేది అక్కడే.

ఎగువ చెరువు కాక, నేను సర్వే చేసే మిగతా రెండు చెరువుల చుక్కలూ చూశాను. వాటిలో వేటే లేదు, నా పడవ తప్ప మరో పడవ దిగదు. రెండింటిలోనూ తొలి ఎర్ర చుక్క ఒకటో గడిలోనే ఉంది.

ఎగువ చెరువు నుంచి మన చెరువుకు వచ్చేముందు పడవ కడిగాను, గొర్రు కడిగాను. ఫారంలో ఆ రెండింటికే గళ్లుంటాయి, రెండింట్లోనూ టిక్కు పెట్టాను. తాడు చుట్ట విప్పలేదు. తడితడిగానే సీటు కిందికి తోసేశాను. ఆ నాచు పాకడానికి వేలెడు తునక చాలు. నాచును తెచ్చింది నేనురా. నువ్వు ఇల్లు వదిలేలా చేసింది నేను. క్షేమమని రాయడానికి చెయ్యి రానిది అందుకే.

మొన్న మధ్యాహ్నం నాన్నకు చెప్పాను. నీ మాటెత్తితే గోడవైపు తిరిగే మనిషి కదా, ఇన్నాళ్లూ నీ మీద కోపమనుకున్నాను.

“నాన్నా, నాచు తెచ్చింది వాడు కాదు. నేను.”

“తెలుసమ్మా,” అన్నాడు.

నాన్నే మెల్లిగా చెప్పాడు. “నువ్వు ఎగువ చెరువు నుంచి వచ్చిన రోజు నీ పడవ దింపింది వాడే కదా. తాడు చుట్టలో పచ్చగా ఏదో వేలాడుతుంటే లాగి పారేశాడంట. గొడవయ్యాక వచ్చి నాతో చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా. వాడి పడవ ఎలాగూ పోయింది, నీ ఉద్యోగమన్నా మిగిలితే ఇల్లు గడుస్తుందని. వాడి పేరు వింటే నాకు సిగ్గేస్తుందమ్మా, అందుకే అటు తిరిగేది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు ఊరుకుంటావా?”

ఒరేయ్, నన్నడక్కుండా నా బదులు శిక్ష అనుభవించడానికి నువ్వెవడివిరా? ఈ మూడేళ్లూ నీకు నీతులు రాశాను. తప్పు ఒప్పుకుంటే బరువు తగ్గుతుందని రాశాను. దానికి నువ్వు ‘సరే అక్కా’ అని జవాబిచ్చావు. ఆ ఉత్తరం నిన్న మళ్లీ తీసి చదివాను. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

పొద్దున ఆఫీసులో ఆ ఫైలు తీయించాను. ‘చేపల పడవ’ కొట్టేసి ‘సర్వే పడవ’ అని రాసి, పక్కన నా పూర్తి పేరుతో సంతకం చేశాను. మ్యాపు జతచేశాను. గుమాస్తా చదివి, “ఇది పైకి వెళ్తే మీ ఉద్యోగం ఉండదు మేడం, ఇంకోసారి ఆలోచించుకోండి,” అన్నాడు. పంపించమన్నాను. అతను ముద్ర వేసేదాకా అక్కడే నిలబడ్డాను.

నీ లైసెన్సు నీకు తిరిగొస్తుంది. వల వేయడానికి చెరువు మాత్రం లేదురా. అది నేను తెచ్చివ్వలేను.

ఇట్లు,
నీ అక్క