పాలిష్ వేయని పూసలు

జూన్ 3, మంగళవారం

ఇవాళ ఆసుపత్రిలో అబద్ధం చెప్పాను. అందుకే రాస్తున్నాను.

వదిన పెదవికి మూడు కుట్లు పడ్డాయి. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే మెట్ల మీద జారిందన్నాడు అన్నయ్య. అమ్మ అవునంది. డాక్టరు నా వైపు తిరిగాడు. చదువుకున్నదానిలా కనిపించానేమో. నేనూ మెట్లే అన్నాను.

మా ఇంటికి మెట్లు లేవు.

బయటికొస్తుంటే నర్సు నన్ను పక్కకి లాగింది. రేపు ఎవరైనా అడిగితే గుర్తున్నదాన్ని నమ్మరట, తేదీ వేసి రాసుకున్నదైతే చూస్తారట. మహిళల రక్షణ ఆఫీసులో ఇచ్చే పని తను చూసుకుంటుందట. మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే. కాబట్టి ఇది నా పని.

కొట్టింది అన్నయ్య. స్టీలు గ్లాసుతో. స్నానానికి నీళ్లు గోరువెచ్చగా లేవని.

జూన్ 4

నన్ను చదివించిందీ అన్నయ్యే. అదీ రాయాలి. నాన్న పోయాక పదమూడేళ్ల వయసులో గోడౌన్‌లో బస్తాలెత్తాడు. నన్ను మాత్రం బడి మానిపించలేదు. నా ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా అన్నయ్య వేలిముద్రే.

జూన్ 7, సాయంత్రం

వదినా నేనూ పూసలు చేశాం. నా పాత నోట్సు కాగితాల్ని పొడుగ్గా, ఒక చివర సన్నగా వచ్చేలా కత్తిరించడం. వెడల్పు వైపు నుంచి సైకిల్ చువ్వ మీద బిగించి చుట్టడం. చివర మైదా ఉడికించిన జిగురు. చువ్వ లాగేస్తే పూస. మధ్యమధ్య పాత చొక్కాల గుండీలు. ఆరాక పైన రంగులేని గోళ్ల పాలిష్.

చెవిపోగులకి సీసా మూతలు. వాటిని సుత్తితో చదును చేసే పని వదినది. ఒక్కో మూతకి ఒక్కో తిట్టు. కుట్లు లాగుతాయని ముక్కుతోనే నవ్వుతోంది. ఆఖరి మూతని తిట్టకుండా కొట్టింది. అది కాగితమంత పలచబడ్డా ఆపలేదు. అదెవరని నేను అడగలేదు.

జూన్ 9

అన్నయ్య ఈ పుస్తకం చూశాడు. ఏం పంతులమ్మా, ఇన్ని పేజీలు నింపేశావా అని మురిసిపోయాడు. రేపు గోడౌన్‌కి పట్టుకెళ్తాడట. మా చెల్లి రాత ఎలా ఉంటుందో ఆ గుమాస్తాగాడి చేత చదివిస్తానన్నాడు.

అన్నయ్య స్నానానికి వెళ్లగానే రాసినవన్నీ చింపాను. కత్తిరించాను. చుట్టాను. పదకొండు పూసలయ్యాయి. వదిన మెడలో వేశాను, ఏంటో చెప్పాను. చేత్తో తడుముకుని, బరువుగా ఉన్నాయంది.

నయం, మొదటినుంచీ పెన్సిలుతోనే రాశాను. సిరా అయితే, విప్పడానికి నీళ్లలో నానబెట్టినప్పుడు కరిగిపోయేది. పాలిష్ మాత్రం వేయకూడదు. వేసినదాన్ని ఒకటి నానబెట్టి చూశాను. రాయిలా ఉంది, విడిపోలేదు. ఇక నుంచి విడి కాగితాల మీదే రాసి, రాసింది రాసినట్టే చుట్టి దండలో కలుపుతాను.

జూన్ 10

పుస్తకంలో మిగిలిన పాత పాఠాన్ని గుమాస్తా తెగ మెచ్చుకున్నాడట.

జూన్ 12

బెల్టు. ఏడు దెబ్బలు. వదిన వీపు మీద. లెక్కపెట్టాను.

జూన్ 15

తలని గోడకి. రెండుసార్లు. సున్నం రాలింది. అమ్మ చీపురు తెచ్చి సున్నం ఊడ్చింది. పొద్దంతా బస్తాలు మోసేవాడు, కోపం ఎక్కడ దించుకుంటాడే అంది. మీ నాన్న కంటే వీడు నయమేనంది.

జూన్ 16, మధ్యాహ్నం 2 గంటలు

ఇవాళ అడ్డం వెళ్లాను. అన్నయ్య ఎత్తిన చేయి ఆపేశాడు. నన్ను ఎప్పుడూ కొట్టలేదు. చదువుకునేదానివి, మొగుడూ పెళ్లాల మధ్య నీకేం పని, పోయి చదువుకో అన్నాడు. మెత్తగానే అన్నాడు. తర్వాత నా పక్కనుంచి కాలు చాపి వదినని డొక్కలో తన్నాడు. నాకు తగలకుండా జాగ్రత్తగా.

సీసా మూతల సుత్తి బల్ల మీదే ఉంది. తీశాను. అన్నయ్య వెనక్కి తిరిగి ఉన్నాడు. బస్తాలు మోసి మోసి మెడ వెనక కాయ కాసింది. వానాకాలం నన్ను భుజాలకెత్తుకుని బడికి మోసుకెళ్తుంటే ఆ కాయ నా పొట్టకి గుచ్చుకునేది. సరిగ్గా దాని మీద కొడదామనుకున్నాను. ఒక్క దెబ్బ చాలు. కింద పడున్న వదిన తల అడ్డంగా ఊపింది.

దించేశాను. అక్షరాలు వంకరపోతున్నాయి.

జూన్ 22, ఆదివారం

అన్నయ్య పాలిష్ సీసా కొనుక్కొచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. కొన్ని పూసలు మసిబారినట్టున్నాయేంటి, నా పెళ్లాం మెడలో కళ తప్పినవి ఉంటే నాకు పరువు తక్కువ కాదా అన్నాడు. వదిన తీసిస్తానంటే వద్దన్నాడు. ఎదురుగా కూర్చుని, ఆ మొద్దు వేళ్లతో చిన్న బ్రష్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కోదానికీ పూశాడు. గ్లాసు రోజు. బెల్టు రోజు. గోడ రోజు. తొందరగా ఆరాలని ఉఫ్ ఉఫ్‌మని ఊదాడు. వదిన కళ్లు మూసుకుంది.

ఎలా ఉంది పంతులమ్మా అని అడిగాడు. మెరుస్తోందన్నాను.

జూన్ 24

రాయలేను.

జూన్ 25

నిన్న వదిన తలుపు తీయడం ఆలస్యమైంది. అంతే. దండ పట్టుకుని లాగాడు. అది నైలాన్ దారం, ముందు మెడ కోసింది, తర్వాతే తెగింది. పూసలు గదంతా దొర్లాయి. వదిన ఏరడానికి వంగింది. ఎందుకు వంగిందో నాకు తెలుసు. ఆ చేతిని కాలితో తొక్కిపట్టాడు. తర్వాత మెలితిప్పి పైకి లాగాడు. చప్పుడు వినిపించింది. ఎండు పుల్ల చప్పుడు కాదది, తడి పుల్లది.

చేయి రెండు చోట్ల విరిగింది. డొక్కలో ఒక ఎముక ముందే చిట్లి ఉందట. ఎలా అని డాక్టరు అడిగాడు. పడిందన్నాడు అన్నయ్య. నేను నోరు తెరిచాను. నిజం రాలేదు. అబద్ధం కూడా రాలేదు.

ఇవాళ ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం కింద దూరి ఉంది. ఒక్క పూస వదలకుండా ఏరి పళ్లెంలో పోసింది. రక్తం అంటినవి తుడవలేదు. నాకు చదువు రాదు గానీ కళ్లున్నాయే, నువ్వు రాసి చుట్టడం మొదటినుంచీ చూస్తూనే ఉన్నానంది. చేయి విరిగిన రోజుది ఏదని అడిగింది. ఇంకా రాయలేదన్నాను. రాయి, నేనిక్కడే కూర్చుంటానంది. ఈ కాగితం పూర్తయ్యేదాకా కదల్లేదు.

తర్వాత, నాదీ ఒకటి చుట్టు అంది. మీ నాన్నది.

తేదీ అడిగాను. తెలీదు, నువ్వు కడుపులో ఉన్నావంది.

జూన్ 27

అధికారి గారికి,

ఈ దండ నర్సు మీకిస్తుంది. మసకగా ఉన్న పూసల్ని గోరువెచ్చని నీళ్లలో వేయండి, విడిపోతాయి. మెరిసేవి విడిపోవు, బ్లేడుతో నిలువునా కోయాలి. అక్షరాలు తెగితే నన్ను పిలవండి. అన్నయ్య ఎదురుగానైనా నోటితో చెప్తాను. మధ్యలో ఉన్న పెద్దది అమ్మది. దానికి తేదీ లేదు.

జూలై 8న వదినని డిశ్చార్జి చేస్తారు. ఇంటికి తీసుకొస్తానని అన్నయ్య కొత్త నైలాన్ దారం కొని ఉంచాడు. దయచేసి జూలై 7లోపు జవాబివ్వండి.