ఎనిమిదో నట్టు

1955 ఫిబ్రవరి 3

కాశయ్య మామ కొమరోలు నుంచి పొద్దున బస్సుకు దిగాడు. చంకలో పాత బిస్కెట్ డబ్బా. యుద్ధం రోజుల్లో విమానాల షెడ్డులో ఫిట్టరుగా చేశాడు, అప్పటినుంచి దాచిన డబ్బా అట. మూత తీసి ఒకటి నా అరచేతిలో పెట్టాడు. చిటికెన వేలి కొసంత గొట్టం, ఒక చివర అంచు, లోపల మర.

"రివెట్ నట్టు అంటారు అల్లుడా. లోపలికి చెయ్యి పోని గొట్టానికి ఇదే గతి."

నా అవస్థ అదే కదా. సైన్యం పాత సామాను అమ్మే డిస్పోజల్లో కొన్న జీపు చట్రం మీద గొట్టాలతో నేనే బండి కట్టుకుంటున్నాను. ఇంజన్ తిరుగుతోంది. మిగిలింది వెనక సీటు — మా ఆవిడ ఆదిలక్ష్మి పడుకోవలసిన సీటు. గొట్టం పల్చన. వెల్డింగ్ పెడితే చిల్లు పడుతోంది. అటూ ఇటూ తొలిచి పొడుగు బోల్టు వేస్తే నొక్కుకుపోయింది.

డబ్బాలో పదిహేడు ఉన్నాయి. సీటుకు ఎనిమిది చాలు. బిగించే పనిముట్టు మాత్రం లేదు. "అది దొరల షెడ్డులోనే ఉండిపాయె" అని మామ నవ్వుతాడు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 5

ఆదిలక్ష్మికి ఎనిమిదో నెల.

రెండేళ్ళ కిందట, మిట్టమధ్యాహ్నం, స్టేషన్ బెంచీ. గిద్దలూరు ఆస్పత్రికి పోవాలి, రైలు రాదు. ఊళ్ళో ఉన్న ఒక్క బాడుగ కారు పెళ్ళివాళ్ళతో పోయింది. పాప ఆ బెంచీ మీదే పుట్టింది. ఏడవలేదు.

ఇంతకంటే రాయలేను. ఈసారి నా బండిలో పోవాలి. అంతే.

ఫిబ్రవరి 8

పనిముట్టు కోసం మద్రాసుకు రాయొచ్చు. ఎప్పుడొస్తుందో! మామ రెండు దారులు చెప్పాడు — పట్టకారులాంటిది కమ్మరి చేత చేయించడం, లేదా పొడుగు బోల్టుతో మనమే చేసుకోవడం. "బోల్టే మేలు" అన్నాడు. పట్టకారు చూడ్డానికి దర్జాగా ఉంటుంది. నేను పట్టకారే అన్నాను.

మన కర్నూలే రాజధాని అయింది, బండి నంబరుకు అక్కడికే పోవాలి. సీటు లేని బండికి నంబరు ఎవరిస్తారు...

ఫిబ్రవరి 13

పట్టకారు వచ్చింది. రెండు చేతులా నొక్కాను. పిడి వంగింది. నట్టు వంకరపోయింది. పదహారు మిగిలాయి.

పట్టకారు తీసి గోడకేసి కొట్టాను.

"గోడ ఏం చేసిందంట?" — వంటింట్లోంచి ఆదిలక్ష్మి.

ఫిబ్రవరి 15

బోల్టు దారి. మందపాటి ఇనుప ముక్కకు బెజ్జం. అందులోంచి పొడుగునా మర ఉన్న బోల్టు, దాని కొస రివెట్ నట్టులోకి. బోల్టు తల కదలకుండా ఒక పానాతో పట్టుకోవాలి. బోల్టుకే ఎక్కించి ఇనుప ముక్కకు ఆనించిన పెద్ద నట్టును ఇంకో పానాతో తిప్పాలి. బోల్టు వెనక్కి లాగుతుంది, గొట్టం లోపల రివెట్ నట్టు నడుము ఉబ్బి అక్కడే పట్టుకుంటుంది. మామ నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ఇంత తేలికా! మొదటే వినివుంటే వారం కలిసొచ్చేది.

ఫిబ్రవరి 16

తేలికేం కాదు. పెద్ద నట్టు ఇనుముకు ఒరుసుకుని కీచుమంది. ఇంకా తిప్పాను. బోల్టు తెగి నట్టులోనే ఉండిపోయింది. పదిహేను.

మామ నా సైకిలు చక్రం ఊడదీసి ఇరుసులోని బాల్స్ తీశాడు. రెండు వాషర్ల మధ్య గ్రీజులో వాటిని పరిచి, పెద్ద నట్టు కింద పెట్టాడు. ఇప్పుడు ఒంటిచేత్తో తిరుగుతోంది.

ఫిబ్రవరి 18

పట్టింది! పాత గొట్టం ముక్కకు మామ బెజ్జం వేశాడు, నేను బిగించాను. దానికి బోల్టు వేసి కొక్కెం పెట్టి నేనే వేలాడాను. చలించలేదు. పద్నాలుగు.

ఆదిలక్ష్మిని పిలిచి మళ్ళీ వేలాడి చూపించాను. "బాగుంది. నన్ను గూడా ఇట్లనే యాలాడదీసుకోని పోతారా?"

సంతోషంగా ఉంది. చాలా రోజుల తరవాత.

ఫిబ్రవరి 19

మామ ఊరికి పోయాడు. కంది నూర్పిడి. "బెజ్జాలు నేనొచ్చినాక ఏద్దాం అల్లుడా. తొందరపడబాకు."

ఫిబ్రవరి 21

తొందరపడ్డాను. ఆమె కాళ్ళ వాపు చూశాక కూర్చోలేకపోయాను. ఎనిమిది బెజ్జాలూ ఒక్క పూటలో వేశాను. అన్నీ గుండ్రంగా, నున్నగా.

ఫిబ్రవరి 22

మొదటిది బిగించాను. బోల్టు వేసి తిప్పితే నట్టు కూడా తిరుగుతోంది. రెండోదీ అంతే. మూడోదానికైనా ఆగాలి కదా — ఆగలేదు. నాలుగోదీ తిరిగింది. మిగిలినవి పది.

చాలాసేపు బెజ్జంలో నట్టు పెట్టి తీస్తూ కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. మూడు తరాలుగా మాది బడిపిల్లల పలకల పని. పలక కూర్చునే చెక్కచట్రం గాడిని వెంట్రుకవాసి వదులుగా తీస్తాం. లేకపోతే వానాకాలం బిగిసి పలక పగులుతుంది. డ్రిల్లు పట్టిన చెయ్యి ఆ వదులే పెట్టింది, నన్నడక్కుండానే. ఎనిమిదింటికీ.

ఫిబ్రవరి 23

పని ముట్టలేదు. అన్నం దగ్గర ఆమె మీద విసుక్కున్నాను. భయం వేస్తోంది, అది కోపంగా బయటికి వస్తోంది. ఆమెకు తెలుసు. తెలిసి మజ్జిగ పోసింది.

ఫిబ్రవరి 26

మామ వచ్చాడు. బెజ్జంలో చిటికెన వేలు పెట్టి చూశాడు.

"పలక గాడి తీసినట్ల తీసినావు కదయ్యా!"

తల దించుకున్నాను.

"సరే పో. వీటికి రెండంగుళాల అవతల కొత్తవి ఏద్దాం. చిన్నగా తొలువు, ఆకురాయితో కొంచెం కొంచెం పెంచు. నట్టును చెక్క సుత్తితో కొడితేనే దిగాల."

వదులు పెట్టకూడదని చేతికి చెప్పడం ఎంత కష్టమో.

మార్చి 1

మూడు పట్టాయి. ఒకటి మర చెడింది. మిగిలినవి ఆరు.

మంచి పలకో, బీట ఉన్న పలకో గోటితో మీటి విని చెప్తాం. నట్లనూ అట్లాగే మీటి చూస్తున్నాను. మామ నవ్వుకుంటున్నాడు గాని, తనూ చెవి ఒగ్గుతున్నాడు.

మార్చి 3

ఇంకో నాలుగు పట్టాయి. ఒకటి చీలింది. మొత్తం ఏడు గట్టివి. డబ్బాలో ఒక్కటే మిగిలింది. కావలసిందీ ఒక్కటే — ఆమె తల వైపు మూల. ఇక తప్పు చెయ్యడానికి వీల్లేదు.

రేపు పొద్దున చేస్తాను.

మార్చి 4. పొద్దున

బెజ్జం సగం ఆకురాయితో అరగదీశాను. నట్టు ఇంకా దిగడం లేదు. ఆదిలక్ష్మి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏమండీ... మొదలైనాయి."

ఇంకా మూడు వారాలు ఉంది కదా — అన్నాను, ఆమెదే తప్పన్నట్టు. ఎంత మూర్ఖుణ్ణి!

ఆకురాయి పట్టుకునే ఉన్నాను. తొందరపడితే వదులైపోతుంది. ఆగితే... మామ నా చేతిలోంచి ఆకురాయి లాక్కున్నాడు. "ఏడు చాలు. ఎక్కియ్యి."

కంభంలో

రేడియేటర్ కాగిపోతోంది. మామ నీళ్ళు పోసి నిలబడ్డాడు. చల్లారేదాకా కదలడానికి లేదు. గిద్దలూరు ఇంకా ఇరవై మైళ్ళు. పక్కింటి రంగమ్మత్త ఆమె నడుము పట్టి కూర్చుంది.

ఏడు నట్లూ మీటి చూశాను. ఒకటి కొంచెం బొంగురుగా పలికింది. మామకు చెప్పలేదు.

దారి పొడుగునా గుంట వచ్చినప్పుడల్లా తల వైపు మూల లేచింది. నేను వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఆ మూలను రెండు చేతులా కిందికి అదిమి పట్టుకున్నాను. వేళ్ళు చచ్చుబడి అక్షరాలు సరిగా రావడం లేదు. ఎనిమిదో నట్టు జేబులో ఉంది.

నొప్పులు దగ్గరపడుతున్నాయి. మామ ఇంజన్ తిప్పుతున్నాడు. అందుకోలేదు... మళ్ళీ తిప్పుతున్నాడు...

"రాసింది చాల్లే," అంటోంది ఆదిలక్ష్మి కళ్ళు మూసుకునే. "ఆ మూల పట్టుకోండి."